మూడో ప్రశ్న

పన్నెండో కప్పు కూడా పొడిగుడ్డతో తుడిచి కిటికీ గట్టు మీద ఎండ పడే వైపు పెట్టాక, కొమ్ములక్క వంగి వరుసంతా ఒకసారి చూసుకుంది. అన్నీ మూతి పైకే ఉన్నాయి. బోర్లిస్తే లోపల చెమ్మ నిలుస్తుంది. నెల రోజులుగా ఆమెకి ఈ చెమ్మ పిచ్చి పట్టుకుంది. ఒక్కో గాజుకప్పునీ నీళ్లలో మరిగించి, తుడిచి, ఎండబెట్టి, వెలుతురుకి ఎత్తి చూసుకుని గానీ పెట్టెలో పెట్టడం లేదు.

"గాజుకి జలుబు చేస్తుందా ఏమిటి, అంత తుడుస్తున్నావు?" అన్నాడు భర్త, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ.

"మీరు బయల్దేరండి. మొదటి మనిషి వచ్చే వేళయింది."

"పోతున్నాలే. ఉండమన్నా ఉంటానా?"

ముప్పై రెండేళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఎంత తోపులాటలోనైనా చెక్కుచెదరకుండా టికెట్లు కొట్టేవాడు గానీ, నెత్తురు చూస్తే మాత్రం కళ్లు తిరుగుతాయి. పెళ్లయిన కొత్తలో కూర తరుగుతూ ఆమె వేలు కోసుకుంటే, ముందు ఆయన్ని పడుకోబెట్టి మొహాన నీళ్లు చల్లి, తర్వాత ఆమె తన వేలికి కట్టు కట్టుకోవలసి వచ్చింది. అలాంటివాడికి తల్లిదీ నెత్తురు తీసే పనే, పెళ్లాందీ అదే పని. అందుకని ఆయన పగళ్లన్నీ కింద ఇస్త్రీ షాపు బల్ల మీదే గడుస్తాయి. మధ్యమధ్యలో మెట్ల కింద నిలబడి "అయిందా యుద్ధం?" అని కేకేస్తాడు. పైనుంచి "రండి" అని వినిపిస్తేనే ఎక్కుతాడు.

కొమ్ములక్క అన్నది జనం పెట్టిన పేరు. వీపు మీద కప్పు అంటించి, చర్మం పొంగాక సన్నటి గాట్లు పెట్టి, మళ్లీ కప్పు వేసి చెడు నెత్తురు లాగెయ్యడం ఆమె పని. అత్తగారి కాలంలో ఇది పశువుల కొమ్ములతో జరిగేది. కొమ్ము మొదలు వీపుకి ఆనించి, కొసన ఉన్న చిల్లు నోట్లో పెట్టుకుని గాలి పీల్చి, నాలుకతోనే మైనం నొక్కి చిల్లు మూసేవాళ్లు. అత్తగారికి ముందుపళ్లు ఊడిపోయాక పెదాలకి పట్టు కుదరలేదు. ఎంత పీల్చినా గాలి పక్కనుంచి జారిపోయేది. ఒకరోజు ఆవిడ కొమ్ముల సంచి తెచ్చి కోడలి ఒళ్లో పడేసి, "నా నోరు పోయింది. ఇక నీ చెయ్యి" అంది. కోడలు కొన్నేళ్లు కొమ్ములతోనే నెట్టుకొచ్చి, తర్వాత గాజులోకి మారింది. కొమ్ములు పోయి ఇరవై ఏళ్లయినా పేరు పోలేదు. తల్లుల వెంట వచ్చే చిన్నపిల్లలు ఇప్పటికీ ఆమె నెత్తి వంక అనుమానంగా చూస్తారు. "తల దువ్వుకునేటప్పుడు తీసి పెట్టానమ్మా" అంటుంది ఆమె.

పని నేర్పడానికి అత్తగారు ఆమెకి బుట్టెడు టమాటాలిచ్చింది. పండిన టమాటా తొక్క తెగాలి, రసం కారకూడదు. అంత తేలిక చెయ్యి కావాలి. నాలుగు నెలలు ఆ ఇంట్లో రోజూ టమాటా కూరే. కండక్టరుగారు అప్పటినుంచీ టమాటా ముట్టడు. చెయ్యి కుదిరాక అత్తగారు ఇంకొకటి నేర్పింది. ఎవరొచ్చినా కత్తి తీసేముందు మూడు ప్రశ్నలు అడగాలి. ఏమైనా తిన్నావా? కడుపుతో ఉన్నావా? దెబ్బ తగిలితే నెత్తురు తొందరగా ఆగుతుందా? మూడింట్లో ఏ ఒక్కదానికి తేడాగా సమాధానం వచ్చినా ఇన్ని మంచినీళ్లిచ్చి పంపెయ్యాలి. ఏడ్చినా, కాళ్లు పట్టుకున్నా సరే.

పదింటికి వచ్చింది కొత్త మనిషి. పోస్టాఫీసులో కౌంటర్లో కూర్చునే అమ్మాయి, పాతికేళ్లుంటాయేమో. మెడ పట్టేసి తల తిప్పలేకపోతోంది. ఎవరైనా పలకరిస్తే మనిషంతా తిరగాల్సి వస్తోందని చెప్పి తనే నవ్వింది. గది నలుమూలలా చూసింది. ఎత్తుమంచం, దాని మీద ఉతికిన తెల్ల దుప్పటి, మూలన పొయ్యి మీద నీళ్లగిన్నె, బల్ల మీద కాగితం చుట్టిన కొత్త బ్లేళ్లు, దూది, స్పిరిట్ సీసా. మంచం తలవైపు గుండ్రటి దిండు, మధ్యలో మొహం పట్టేంత రంధ్రం.

"ఇదేంటండీ, దిండుకి కన్నం?"

"బోర్లా పడుకుంటే ఊపిరాడద్దూ? మా టైలరమ్మ కుట్టిచ్చింది. అంతకుముందు అందరూ మెడ పక్కకి తిప్పి పడుకునేవాళ్లు. వీపు నొప్పి పోయి మెడనొప్పి వచ్చేది."

ఆ దిండు వచ్చినప్పటి నుంచే మనుషులు మాట్లాడ్డం మొదలుపెట్టారు. మొహం కనపడదు కదా. ఆ రంధ్రంలోంచి కింద నేలకి చెప్పుకున్నట్టు అన్నీ చెప్పేసుకుంటారు. అత్తగారి సంగతులూ, మొగుడి సంగతులూ, మొగుడికి తెలియనివీ. కొమ్ములక్క ఊ కొడుతూ చేతులు ఆడిస్తుంది. అలా ఏళ్ల తరబడి చేసీ చేసీ ఆమెకి మొహాలు గుర్తుండడం మానేశాయి. బజార్లో ఎవరైనా "బాగున్నావా అక్కా?" అని ఎదురొస్తే తెల్లమొహం వేస్తుంది. వాళ్లు రెండడుగులు దాటిపోయాక వెనక్కి తిరిగి చూసి, "ఓ, నువ్వా! ఎడమ భుజం తగ్గిందా?" అంటుంది.

"ఏమైనా తిన్నావా?" అని అడిగింది అమ్మాయిని.

"తిన్నానండి."

"కడుపుతో ఉన్నావా?"

"అయ్యో, పెళ్లే కాలేదండి."

"దెబ్బ తగిలితే నెత్తురు తొందరగా ఆగుతుందా?"

"ఆగుతుందండి. ఇవన్నీ అందర్నీ అడుగుతారా?"

"అందర్నీ" అంది కొమ్ములక్క.

స్పిరిట్‌లో దూది ముంచుతున్న చెయ్యి ఒక్క క్షణం నిలిచిపోయింది. తర్వాత దూది వెలిగించి, కప్పులోకి మంట చూపించి తీసేసి, కప్పుని అమ్మాయి మెడ కింద ఆనించింది. చర్మం గుండ్రంగా పొంగి ఎర్రబడింది. మూడు కప్పులు. అయిదు నిమిషాలాగి అంచున వేలితో నొక్కితే టప్‌మని గాలి లోపలికి పోయి కప్పు ఊడింది. కొత్త బ్లేడుతో చినుకులు పడ్డట్టు గాట్లు పెట్టి మళ్లీ కప్పు వేసింది. నల్లటి నెత్తురు సన్నగా ఊరి, కప్పులో చేరి, చూస్తుండగానే చిక్కబడి ముద్దయింది.

చూసింది. చాలాసేపు చూసింది.

"అయిపోయిందాండీ?" అని దిండు కింద నుంచి అమ్మాయి గొంతు.

"అయిపోయిందమ్మా. బాగుంది. నీ నెత్తురు చాలా బాగుంది."

చెడు నెత్తురు తీయించుకోవడానికొస్తే నెత్తురు బాగుందంటుందేమిటో ఆ అమ్మాయికి అర్థం కాలేదు. మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుని, సంతోషంగా మెట్లు దిగి వెళ్లిపోయింది.

కొమ్ములక్క మంచం మీద కూర్చుంది. ఆ గుండ్రటి దిండు ఒళ్లోకి తీసుకుంది.

అందర్నీ అడగడం లేదు. కొత్తవాళ్లని అడుగుతోంది. పాతవాళ్లని ఎవరు అడుగుతారు? ఇరవై ఆరేళ్ల నుంచి నెలకోసారి వచ్చే మనిషిని పట్టుకుని, నీ నెత్తురు ఆగుతుందా అని అడిగితే నవ్వదూ?

టైలరమ్మ మొదటిసారి వచ్చినప్పుడు ఇంకా కొమ్ములే. తలనొప్పితో సూది మొన రెండుగా కనిపిస్తోందంది. ఆ రోజు మూడు ప్రశ్నలూ అడిగింది. మూడింటికీ సరిగ్గానే చెప్పింది. అంతే, మళ్లీ ఆ అవసరం రాలేదు. అప్పట్నుంచి వదినా అంటే వదినా అనుకోవడమే. నాలుగు వీధుల కూడలిలో గొడుగు బాగుచేసేవాడి పక్కన ఆవిడ కొట్టు. ఒంటి మనిషి. పెళ్లయిన ఏడాదికే భర్త ఎటో వెళ్లిపోతే, ఆయన వదిలేసిన కుట్టుమిషనుతోనే బతికింది. "పోతే పోయాడు, మిషను పట్టుకుపోలేదు, అంతవరకు మంచివాడే" అంటుంది. ఆ వీపు కొమ్ములక్కకి తన చేతి గీతల కంటే బాగా తెలుసు. కత్తెర పట్టీ పట్టీ కుడి భుజం ఒక వేలంత ఎత్తు. మిషను మీద వంగీ వంగీ మెడ కింద చిన్న గుట్ట. నడుముకి ఎడమ పక్కన రెండు పుట్టుమచ్చలు, ఒకదాన్నొకటి అడ్రసు అడుగుతున్నట్టు.

మూడు నెలల కిందట, ముందు నెల కప్పుల గుర్తులు ఇంకా పోలేదేమని అనుకుంది. వయసు కదా అని సరిపెట్టుకుంది. ఆ మరుసటి నెల గుర్తులు నల్లగానే ఉన్నాయి. చర్మం పలచబడింది అనుకుంది. పోయిన నెల కప్పులో నెత్తురు ముద్ద కాలేదు. టీనీళ్లలా అటూ ఇటూ ఊగింది. దూది ఒత్తి గంట సేపు కూర్చోవలసి వచ్చింది. అప్పుడు ఆమె బుర్రకి తట్టిన కారణం ఒక్కటే. కప్పు సరిగ్గా ఆరలేదు. అడుగున నీళ్లు నిలిచి నెత్తురు పలచబడింది. ఆ రోజు నుంచీ ఈ తుడుచుకోవడాలు, ఈ ఎండబెట్టుకోవడాలు.

టైలరమ్మ ఇవాళ మూడింటికి వస్తుంది.

ఫోన్ తీసి కూతురికి చేసింది. కూతురు ఒక ఆసుపత్రి లాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. పాత కత్తి పారేయించి మనిషికో కొత్త బ్లేడు పెట్టించింది, చేతులకి గ్లౌజులు తొడిగించింది ఆ పిల్లే. తల్లి పని ఆమెకి ఏనాడూ నచ్చలేదు. నచ్చలేదని దెబ్బలాడటమూ మానలేదు.

"నెత్తురు ముద్ద కాకపోతే ఏమిటే అర్థం?"

"ఎవరికి?"

"ఎవరికో. కప్పు తడిగా ఉన్నా అలా అవుతుంది కదా?"

"అమ్మా." కూతురి గొంతు మారింది. "రెండు చుక్కల నీళ్లకి గడ్డకట్టడం ఆగిపోతుందా? ఎన్నాళ్ల నుంచి? ఒంటి మీద నల్లమచ్చలేమైనా ఉన్నాయా?"

కొమ్ములక్క కిటికీ గట్టు మీది కప్పుల వంక చూసింది.

"అమ్మా, విను. గాటు పెట్టకు. ఉత్త కప్పు కూడా వద్దు. ముందు పరీక్ష చేయించుకోమను. వింటున్నావా?"

"వింటున్నా."

"ఎవరమ్మా?"

"అన్నం తిన్నావా నువ్వు?" అని అడిగి, సమాధానం వినకుండానే పెట్టేసింది.

మధ్యాహ్నం భర్త వచ్చి అన్నం తిన్నాడు. ఆమె పళ్లెంలో వేళ్లు కదిలాయి గానీ నోటికి ఏమీ వెళ్లలేదు. ఇస్త్రీ షాపువాడు ఎవరిదో చొక్కా కాల్చేసి, మచ్చ కనపడకుండా ఎలా మడతపెట్టాడో ఆయన చెప్పుకుపోతున్నాడు. చెబుతూ చెబుతూ ఆగి, "ఏమైంది?" అన్నాడు.

"పంపెయ్యాలి."

"ఎవర్ని?"

"టైలరమ్మని. కత్తి పెట్టకుండా."

ఆయన చెయ్యి కడుక్కుని తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఎందుకని అడగలేదు. ఆ మూడు ప్రశ్నలూ ఆయన తల్లివే. "మా అమ్మ అయితే పంపేసేది" అన్నాడు. ఆమె పళ్లెం వంక చూసి, "పంపేసి తను అన్నం మానేసేది" అన్నాడు.

మూడింటికి మెట్ల మీద చప్పుడైంది. మామూలుగా టకటకా ఎక్కివచ్చే మనిషి. ఇవాళ రెండు మెట్లకోసారి ఆగుతోంది.

"ఏం వదినా, మెట్లు పెంచారా?" అంది లోపలికి వస్తూనే, గుమ్మం పట్టుకుని.

"నీకోసమే రెండు ఎక్కువ వేయించాం. కూర్చో."

టైలరమ్మ కూర్చోలేదు. ఎప్పటిలాగే మెళ్లో వేలాడే టేపు తీసి మంచం పైనున్న మేకుకి తగిలించింది. ఆ మేకు ఆ టేపు కోసమే కొట్టింది. ఆవిడ ఆ టేపు లేకుండా కనిపించేది ఈ మంచం మీదే. స్నానానికి కూడా తీయదని కొట్టు చుట్టుపక్కల వాళ్లు వేళాకోళం చేస్తారు. మొహం పాలిపోయి ఉంది. ఇంత ఎండల్లో మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు వేసుకుంది. కొత్తగా కుట్టుకున్నట్టుంది.

కొమ్ములక్క దూది వెలిగించలేదు. కప్పులు ముట్టుకోలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

"ఏమైనా తిన్నావా?"

"తిన్నా" అంది టైలరమ్మ, పై గుండీ విప్పుకుంటూ.

"కడుపుతో ఉన్నావా?"

టైలరమ్మ పకపకా నవ్వింది. "యాభై ఎనిమిదేళ్లకా? ఉంటే నీ మొగుడికి మొదట చెప్పనూ, ఊరంతా టికెట్లు కొడతాడు."

కొమ్ములక్క నవ్వలేదు.

"దెబ్బ తగిలితే నెత్తురు తొందరగా ఆగుతోందా?"

రెండో గుండీ మీద ఉన్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. కింద ఇస్త్రీ పెట్టె బల్ల మీద దబ్బుమన్న చప్పుడు వినిపించింది.

"ఇరవై ఆరేళ్ల తర్వాత నన్ను కొత్తదాన్ని చేశావేంటి వదినా?"

"అడగాల్సింది. అడగలేదు. ఇప్పుడడుగుతున్నా. చెప్పు."

టైలరమ్మ గుండీ మళ్లీ పెట్టేసుకుని మంచం అంచున కూర్చుంది. కిటికీ గట్టు మీద ఎండలో మెరుస్తున్న కప్పుల వైపు చూస్తూ చెప్పింది.

"సూది గుచ్చుకుంటే ఆగట్లేదు. తెల్లబట్టలు ఒప్పుకోవడం మానేశా. ముదురు రంగులే కుడుతున్నా. బళ్లో పిల్లల చొక్కాలు ఎప్పుడూ నావే కదా, ఈ ఏడు వేరేవాళ్లకిచ్చారు. కళ్లు కనిపించట్లేదని చెప్పా."

కొమ్ములక్క లేచి ఆవిడ ఎడమ చెయ్యి పట్టుకుని జాకెట్టు చెయ్యి పైకి తోసింది. మోచేతి దాకా నల్లగా, నీలంగా, పసుపుపచ్చగా మచ్చలు. ఎవరూ కొట్టనివి.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"మూడు వారాలైంది. పోయిన నెల నువ్వు పెట్టిన గాట్లు తెల్లారేదాకా ఆగలేదు. రెండు దుప్పట్లు తడిసిపోయాయి. అప్పుడు పోయా డాక్టరు దగ్గరికి. ఎముకల్లో మూలుగ ఉంటుంది చూడు, నెత్తురు తయారయ్యేది. అదే పాడైందట. చాలా దూరం వచ్చేసిందన్నాడు."

కొమ్ములక్క చెయ్యి వదల్లేదు.

"నేనేనా?" అంది చివరికి. "మూడు నెలలు చూశాను. చూస్తూనే కోశాను. కప్పుల్లో తడి ఉందనుకున్నాను వదినా. ఈ కప్పుల్లో తడి."

"పిచ్చిదానా, నువ్వు కోయబట్టే తెలిసింది. లేకపోతే ఇంకా తలనొప్పి అనుకుంటూ మిషను తొక్కుతుండేదాన్ని." టైలరమ్మ గొంతు మామూలుగానే ఉంది. "నీకు చెప్పలేదెందుకో తెలుసా? చెబితే నువ్వు కత్తి పట్టవు. నీ సంగతి నాకు తెలియదా? రేపు పొద్దున బస్సుకి తమ్ముడి ఊరు పోతున్నా. పెద్దాసుపత్రి అక్కడుంది. ఎక్కిస్తారట, తీస్తారట, ఏవేవో చేస్తారట. వాళ్ల చేతుల్లో పడేముందు ఒక్కసారి నీ చేతిమీద తీయించుకుందామని వచ్చా. కప్పులు వేసిన రోజే నాకు ఒళ్లు తెలియకుండా నిద్ర పడుతుంది. ఆ ఒక్క రోజే."

"పెట్టను."

"రెండే రెండు. భుజం కింద."

"పెట్టను వదినా."

"ఇరవై ఆరేళ్లు వీపు అప్పజెప్పాను నీకు. ఇవాళ పనికిరాకుండా పోయిందా?"

"మా అత్తకైనా పెట్టను. నా కూతురికైనా పెట్టను."

టైలరమ్మ మొహం తిప్పుకుంది. మేకు మీద టేపు తీసుకోవడానికి లేచింది. లేచిందే గానీ కాళ్లు నిలవలేదు, మళ్లీ కూర్చుండిపోయింది. "అయితే ఉత్త కప్పులే పెట్టు" అంది, చిన్నపిల్ల బేరమాడినట్టు. "గాటు లేకుండా."

ఉత్త కప్పు కూడా వద్దని కూతురు చెప్పింది. పీల్చినచోట లోపల నెత్తురు చిమ్ముతుంది. కొమ్ములక్క కాసేపు నిలబడి ఆలోచించింది. తర్వాత కప్పులు తెచ్చి వేడినీళ్ల గిన్నెలో పడేసింది. నెల రోజులు తుడిచి ఎండబెట్టిన కప్పులు. "పడుకో" అంది.

టైలరమ్మ జాకెట్టు విప్పి బోర్లా పడుకుని, తను కుట్టిన దిండులో మొహం పెట్టుకుంది. వీపంతా పాత వలయాలు, ఒకదాని మీదొకటి, ఎవరో తడిగ్లాసులు పెట్టి తీసిన బల్లలాగా. కొమ్ములక్క ఇవాళ గ్లౌజులు తొడుక్కోలేదు. మొదటి కప్పు నీళ్లలోంచి తీసి, తుడిచి, వెచ్చగా ఉందని తన బుగ్గకి ఆనించి చూసుకుని, ఆ ఎత్తు భుజం కింద పెట్టింది. మంట చూపించని కప్పు అంటుకోదు. జారిపోకుండా దాని మీద అరచెయ్యి ఉంచింది. రెండో చేత్తో ఇంకో కప్పు. వేడి చల్లారగానే తీసి నీళ్లలో వేసి మరొకటి. మెడ కింద గుట్ట మీద, నడుము దగ్గర, రెండు పుట్టుమచ్చల మధ్య.

"అంటుకోలేదు కదూ?" అంది టైలరమ్మ, నేలతో.

"అంటుకుంది. నీకు తెలియడం లేదంతే."

"అబద్ధమాడేటప్పుడు నీ చెయ్యి బరువెక్కుతుంది."

కొమ్ములక్క కప్పు తీసేస్తూ, నాలుక అంగిలికి ఆనించి టప్‌మని చప్పుడు చేసింది. గాలి పోయినప్పుడు కప్పు చేసే చప్పుడే. రెండో కప్పుకీ చేసింది. టైలరమ్మ భుజాలు కదిలాయి. దిండు రంధ్రంలోంచి నవ్వు బయటికి వచ్చింది. "మీ అత్త నోరు నీకొచ్చిందే" అంది. ఇద్దరూ చాలాసేపు నవ్వారు. నవ్వు అయిపోయాక కూడా ఆ భుజాలు కదులుతూనే ఉన్నాయి. కొమ్ములక్క ఊ కొట్టలేదు. వెచ్చటి కప్పులు మార్చుతూ పోయింది. నీళ్లు రెండుసార్లు కాచింది.

కొంతసేపటికి ఊపిరి నిదానమైంది. టైలరమ్మ నిద్రపోయింది. కొమ్ములక్క కప్పు మీద చెయ్యి తీయకుండా కూర్చుంది. చెయ్యి తిమ్మిరెక్కింది. నాలుగున్నరకి రావలసిన మనిషి వచ్చి గుమ్మంలో నిలబడితే, వేలు పెదాల మీద పెట్టి రేపు రమ్మని సైగ చేసింది.

అయిదు దాటాక టైలరమ్మ లేచి, జాకెట్టు వేసుకుని, జుట్టు సర్దుకుంది. బుగ్గల మీద దిండు అంచు గుండ్రంగా అచ్చుపడింది.

"లే, నిలబడు" అంది.

"ఎందుకు?"

"నిలబడమంటే నిలబడు. అటు తిరుగు. నీ జాకెట్టు కొలత తీసుకోవాలి."

"రేపు బస్సెక్కే మనిషివి, ఇప్పుడు కొలతలేంటి?"

"ఆసుపత్రిలో ఊరికే కూర్చోవాలా? చేత్తో కుట్టుకోనా?"

కొమ్ములక్క గోడ వైపు తిరిగి నిలబడింది. ఈ గదిలో ఆమె వీపు ఎవరూ చూడరు. ఈ మంచం మీద ఆమె ఏనాడూ పడుకోలేదు. ఆమెకి కప్పు వేసేవాళ్లెవరూ లేరు. ఆమె వీపు సంగతి తెలిసింది ఈ లోకంలో ఒక్క టైలరమ్మకే. టేపు ఈ భుజం నుంచి ఆ భుజానికి పాకింది. వేళ్లు చల్లగా ఉన్నాయి. ఒకచోట ఆగి నొక్కాయి. సుద్ద గీసిన చప్పుడు సన్నగా వినిపించింది.

"పద్నాలుగుంబావు" అంది టైలరమ్మ. "పోయినేడు పద్నాలుగున్నర ఉండేది. తగ్గిపోతున్నావు. తింటున్నావా, కప్పులకే పెడుతున్నావా?"

"తింటున్నా."

"లోపల కుట్టు ఎక్కువ వదులుతాలే. ఒళ్లు చేస్తే విప్పుకోవచ్చు."

"చేస్తాలే."

వేళ్లు ఇంకొంచెం సేపు అక్కడే ఉన్నాయి. అక్కడ కొలవడానికి ఏమీ లేదు. తర్వాత వెనక ఏదో సర్దిన చప్పుడు, చెప్పుల చప్పుడు. "నువ్వు దిగకు. నువ్వు దిగితే నేను మెట్లమీదే కూర్చుంటాను" అంది టైలరమ్మ. "వస్తా వదినా."

కొమ్ములక్క కిటికీ దగ్గరికి వెళ్లింది. ఆవిడ మెట్టు మెట్టుకీ ఆగి దిగి, వీధిలోకి వచ్చి, ఇస్త్రీ షాపు ముందు ఆగి కండక్టరుగారితో ఏదో అంది. ఆయన నవ్వబోయి మానేసి, లేచి నిలబడ్డాడు. ఆవిడ నడిచింది. వీధి చివరిదాకా ఆ వీపు కనిపించింది, కుడి భుజం వేలంత ఎత్తుగా. వీధి నిండా ఎన్ని వీపులున్నా ఆమె దాన్నే చూసింది. మలుపు దగ్గర అది ఒక కూరల బండి వెనక్కి పోయింది. బండి కదిలాక అక్కడ లేదు.

"అయిందా యుద్ధం?" అని కింద నుంచి భర్త గొంతు. ఎప్పటిలా కేక కాదు, మెల్లిగా.

రండి అనాలి. ఆమె కూరల బండి పోయిన వైపే చూస్తూ కిటికీ దగ్గర ఉండిపోయింది. ఆయన ఎప్పుడూ లేనిది, పిలవకుండానే ఎక్కివచ్చాడు. గదిలో నెత్తురు ఎక్కడా లేదు. వేడినీళ్ల గిన్నెలో పన్నెండు కప్పులు మునిగి ఉన్నాయి. ఆయన చొక్కా చేతులు మడుచుకుని, ఒక్కొక్కటే తీసి, పొడిగుడ్డతో తుడిచి, కిటికీ గట్టు మీద మూతి పైకి పెట్టాడు. అప్పుడు చూశాడు మేకు వైపు.

"అరె, టేపు మరచిపోయింది. ఇచ్చొస్తానుండు, ఇంకా కూడలి దాటి ఉండదు."

"మరచిపోలేదు" అంది కొమ్ములక్క. "ఉండనివ్వండి."

మర్నాడు పదింటికి ఒకావిడ నడుం నొప్పితో వచ్చింది. పదకొండేళ్లుగా వస్తున్న మనిషి. మూడు ప్రశ్నలూ అడిగితే, "నీకు మతిమరుపు మొదలైంది అక్కా" అని నవ్వింది. ఆ రోజు నుంచీ పాతవాళ్లందరినీ అడిగింది. నవ్వినవాళ్లు నవ్వారు, విసుక్కున్నవాళ్లు విసుక్కున్నారు. నలభయ్యో రోజు మధ్యాహ్నం టైలరమ్మ తమ్ముడు ఫోన్ చేశాడు. ముందురోజు సాయంత్రం, నిద్రలోనే పోయిందన్నాడు. కొమ్ములక్క సరేనని పెట్టేసి, మంచం మీద ఎదురుచూస్తున్న వీపు దగ్గరికి వచ్చి, అంటించిన కప్పులు ఒక్కొక్కటే తీసింది.

మంచం పైన మేకుకి ఆ టేపు అలాగే ఉంది. వాడీ వాడీ అంచులు నలిగిపోయాయి, బొటనవేలు ఆనే చోట ఒకట్లు రెండ్లు చెరిగిపోయాయి. పద్నాలుగు దాటి ఒక పావు మీద మాత్రం నీలం సుద్ద గీత ఒకటి, ఎవరైనా ముట్టుకుంటే రాలిపోయేలా, ఇంకా నిలిచి ఉంది.